ఏడు బస్తాలు ఇద్దరికి పంచితే మూడేనా?

ఒక కంప్యూటర్ భాష లెక్క దిద్దుకోవడానికి పన్నెండేళ్లు

ఏడు బస్తాల ధాన్యం. అన్నదమ్ములు ఇద్దరు. తలా ఎంత? పలక పట్టిన పిల్లవాణ్ణి అడిగినా మూడున్నర అంటాడు. కాని లక్షలాది మంది నమ్ముకున్న ఒక కంప్యూటర్ భాషను ఇదే లెక్క అడిగితే ఏళ్ల తరబడి "మూడు" అనే చెప్పింది. మిగిలిన బస్తా ఊసు ఎత్తలేదు. తప్పు జరిగిందని ఆగలేదు, గంట కొట్టలేదు. మూడు అని చెప్పి తన దారిన తాను పోయింది.

ఆ భాష పేరు పైథాన్. ఈ ఒక్క లెక్కనూ, ఇలాంటివే మరికొన్నింటినీ సరిచేసి, వాడుకరులందరినీ కొత్త దారికి మళ్లించడానికి దాని నిర్వాహకులకు 2008 నుంచి 2020 దాకా పట్టింది.

దీనితో మన పల్లెలకు ఏం పని అని అడగవచ్చు. ఇప్పుడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో సాఫ్ట్‌వేర్ పనిచేసే పిల్లలు లేని ఊరు తక్కువ. పండక్కి ఇంటికొచ్చిన కొడుకు అందరూ పడుకున్నాక వసారాలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూచుంటాడు. ఏంట్రా అంటే "అప్‌గ్రేడ్ ఉంది నాన్నా" అంటాడు. "పాతది బాగానే నడుస్తోంది గదరా, మళ్లీ మార్చడమెందుకు?" అని తండ్రి అడుగుతాడు. కొడుకు నవ్వి ఊరుకుంటాడు. చెప్పడం చేతకాక కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. తండ్రి అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్నే.

సెలవుల్లో పుట్టిన భాష

నెదర్లాండ్స్ దేశంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరాన ప్రభుత్వ గణిత పరిశోధన సంస్థ ఒకటి ఉంది. అందులో పనిచేసే గీడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో ఊసుపోక ఒక భాష రాయడం మొదలుపెట్టాడు. 1991 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి ఊరికే ఇచ్చేశాడు. పైథాన్ అంటే కొండచిలువ గదా అని చాలామంది అనుకుంటారు. అది కాదు. బి.బి.సి. టెలివిజన్‌లో వచ్చిన ఒక హాస్య కార్యక్రమం పేరులోంచి తీసుకున్న మాట అది.

ఊరికే ఇవ్వడం అంటే వాడుకోవడానికి డబ్బు అక్కర్లేదని మాత్రమే కాదు. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడవచ్చు, బాగుచేయవచ్చు, పదిమందికీ పంచవచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. ఊరి చెరువు లాంటిదన్న మాట. నీళ్లు అందరివీ. గట్టు తెగితే మట్టి మోసేదెవరన్నదే చిక్కు. "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది" అని మన పెద్దలు ఊరికే అనలేదు. పైథాన్ విషయంలో మాత్రం మట్టి మోయడానికి చాలామంది ముందుకొచ్చారు. వారిలో ఎక్కువమంది జీతం లేకుండానే, రాత్రి వేళల్లో, ఆదివారాల్లో పనిచేశారు.

తెలుగు అంటే పద్దెనిమిది!

బస్తాల లెక్క కన్నా పెద్ద తిరకాసు అక్షరాల దగ్గర వచ్చింది. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ అంకెలుగానే దాచుకుంటుంది. ఆ అంకెలు పట్టే చిన్న గదిని బైట్ అంటారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక గది చాలు. మన అక్షరాలకు, ఇప్పుడు అంతటా వాడే పద్ధతిలో, మూడేసి గదులు కావాలి. పాత పైథాన్‌కు ఈ తేడా సరిగా పట్టేది కాదు. గదిని చూసి అదే అక్షరమనుకునేది. "తెలుగు" అనే మాట ఇచ్చి పొడవెంత అని అడిగితే పద్దెనిమిది అనేది!

కొత్త పైథాన్‌ను అడిగితే ఆరు అంటుంది. మన లెక్కకు అక్షరాలు మూడే కదా అంటారా? త, ల, గ అనే హల్లులు మూడు, వాటికి అంటించిన గుణింతపు గుర్తులు మూడు. విడదీసి లెక్కపెడితే ఆరు. బడిలో పంతులుగారు ఒప్పుకోకపోవచ్చు గాని, పద్దెనిమిది కన్నా ఇది ఎంతో నయం.

పొడవు తప్పు చెబితే కొంప మునగదు. అసలు ప్రమాదం వేరే ఉంది. పాత పైథాన్‌లో మాటలు రెండు రకాలుగా ఉండేవి. ఒకటి ఉత్త బైట్ల వరస. రెండోది అన్ని దేశాల లిపులూ తెలిసిన యూనికోడ్ రకం. రెండింటినీ కలిపినా, ఇంగ్లీషు అక్షరాలున్నంతవరకు ఏ తగాదా లేకుండా నడిచిపోయేది. ఎప్పుడో ఒకనాడు ఒక తెలుగు పేరో, నెత్తిన చుక్కలున్న జర్మన్ అక్షరమో వచ్చి పడగానే కార్యక్రమం మొత్తం అక్కడికక్కడే ఆగిపోయేది. రాసినవాడు తన ఊళ్లో, తన పేరుతో పరీక్షించి బాగుందనుకుంటాడు. బోర్లా పడేది మనలాంటి వాళ్ల పేరు ఎక్కించినప్పుడు. యూనికోడ్ మొదటి సంచిక 1991లో వచ్చినప్పుడే తెలుగుకు అందులో చోటు దక్కింది. చోటైతే దక్కింది గాని, ఆ చోటును అన్ని యంత్రాలూ గుర్తించేసరికి ఎన్నో ఏళ్లు పట్టింది.

నయాపైసల నాటి గొడవ

ఈ తప్పులన్నీ ఒకేసారి తుడిచేయాలని 2008 డిసెంబరు 3న పైథాన్ 3ను విడుదల చేశారు. ఇందులో ఏడును రెండుతో భాగిస్తే మూడున్నరే. మాటలన్నీ యూనికోడ్‌వే. అయితే ఒక మెలిక ఉంది. పాత పైథాన్ 2లో రాసినవి చాలావరకు కొత్తదానిలో నడవవు. తెర మీద ఒక మాట చూపించే "ప్రింట్" అనే ఆజ్ఞకు కూడా పక్కన బ్రాకెట్లు తప్పనిసరి అయ్యాయి.

1957 ఏప్రిల్ 1 గుర్తున్న పెద్దలు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. ఆనాడు నయాపైసలు వచ్చాయి. అంతవరకు రూపాయికి పదహారు అణాలు. ఆ రోజు నుంచి వంద పైసలు. పావలా ఇరవై అయిదు, అర్ధరూపాయి యాభై - అక్కడిదాకా బాగానే ఉంది. అణాకు ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసా ఏ టంకశాలలోనూ తయారు కాలేదు. అణాకు ఆరు, బేడకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది అని పట్టికలు అచ్చువేశారు. కొన్నేళ్లపాటు పాత నాణేలూ కొత్త నాణేలూ పక్కపక్కనే చెల్లాయి. పైథాన్ 2, పైథాన్ 3 కూడా అలాగే పక్కపక్కన నడిచాయి.

పోలిక అక్కడితో సరి. నయాపైసల వెనుక ప్రభుత్వం ఉంది. పైథాన్ వెనుక ఏ ప్రభుత్వమూ లేదు. మారండి అని చెప్పగలరే గాని మార్చలేరు. పైగా అంగడివాడి గల్లాపెట్టెలో అణాలూ పైసలూ కలిసి ఉన్నా ఫరవాలేదు. ఒక కార్యక్రమంలో సగం పైథాన్ 2, సగం పైథాన్ 3 అంటే కుదరదు.

నువ్వు ముందంటే నువ్వు ముందు

ఎంత చేయి తిరిగినవాడైనా ఈనాడు కార్యక్రమం మొత్తం సొంతంగా రాయడు. లెక్కలకు ఒకరు రాసి పెట్టింది, బొమ్మలకు మరొకరిది, ఇంటర్నెట్ పనికి ఇంకొకరిది తెచ్చుకుని తనది పైన కడతాడు. వీటిని ప్యాకేజీలంటారు. ఇలా ఒకదానిమీద ఒకటి ఆనుకోవడాన్ని డిపెండెన్సీ అంటారు. పైథాన్ ప్యాకేజీలన్నీ దొరికే ఉమ్మడి కోఠీ ఒకటి 2003లో మొదలైంది. ఇప్పుడు అందులో అయిదు లక్షలకు పైగా ఉన్నాయి. తెచ్చుకున్న ప్యాకేజీ కూడా మరో నాలుగింటి మీద ఆనుకుని ఉంటుంది. ఆ నాలుగూ మరికొన్నింటి మీద. మోటారు మార్చుదామని బావి దగ్గరికి వెళితే పైపు సరిపడదు, పైపు మారిస్తే ఫుట్‌వాల్వు సరిపడదు, చివరికి స్టార్టరు కూడా వేరేది కావాలంటాడు మెకానిక్. సరిగ్గా ఆ బాపతు.

అందుచేత 2008లో పైథాన్ 3 వచ్చినా ఎవరూ కదలలేదు. నేను వాడే ప్యాకేజీలు మారితే నేనూ మారతానని కంపెనీలన్నాయి. మా ప్యాకేజీ వాడేవాళ్లు ఇంకా పాతదాంట్లోనే ఉన్నారు, ఎవరికోసం మార్చమంటారని ప్యాకేజీలు రాసేవాళ్లన్నారు. వియ్యాలవారి బంతిలో నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని విస్తళ్లు చల్లారిపోయినట్టయింది.

పాతదాన్ని కొత్తదానిలోకి దానంతటదే తిరగరాసే "టూ టు త్రీ" అనే పనిముట్టును నిర్వాహకులు ఇచ్చారు. పైపై మార్పులు అది చేసేది గాని, ఈ మాట బైట్లా, అక్షరాలా అన్న మీమాంస తేల్చడం దాని వల్ల కాలేదు. అది రాసినవాడి మనసులోని సంగతి. రెండు పైథాన్లలోనూ నడిచేలా రాసుకోవడానికి ఇంకొకరు "సిక్స్" అనే చిన్న ప్యాకేజీ చేశారు. రెండు మూళ్లు ఆరు గనక ఆ పేరు! పనిచేసేవాళ్లకు చమత్కారం లేకపోలేదు.

నిర్వాహకులు కూడా మొదట్లో కాస్త బిగుసుకున్నారని చెప్పక తప్పదు. పాతదానిలో యూనికోడ్ మాటకు ముందు "యు" అనే గుర్తు పెట్టేవారు. కొత్తదానిలో అన్నీ యూనికోడ్‌వే గనక ఆ గుర్తు దండగ అని తీసేశారు. వినడానికి సబబే. కాని రెండింటిలోనూ నడిచేలా రాసుకునేవాడికి ఆ ఒక్క అక్షరం లేక చేతులు విరిగినట్టయింది. నాలుగేళ్ల తర్వాత, 2012లో వచ్చిన 3.3లో దాన్ని మళ్లీ చేర్చారు. అవసరం లేనిదాన్ని కూడా ఉంచడమే మేలని తెలుసుకోవడానికి ఇంత కాలం పట్టింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే మాట అప్పటికే చాలాచోట్ల వినపడుతోంది.

వాయిదా మీద వాయిదా

పైథాన్ 2కు 2015తో స్వస్తి చెబుతామని మొదట ప్రకటించారు. గడువు దగ్గర పడింది. మారినవాళ్లు కొద్దిమందే. 2014 ఏప్రిల్‌లో కెనడాలోని మాంట్రియాల్‌లో జరిగిన పైథాన్ సభలో గడువును మరో అయిదేళ్లు, అంటే 2020 దాకా పొడిగించారు. అప్పుల వాయిదాలతో అలవాటున్నవారికి ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. చాలామంది మళ్లీ నిద్రపోయారు.

ఎవరు మారారు, ఎవరు మారలేదు అని చూపే పట్టిక ఒకటి అప్పటికే ఇంటర్నెట్‌లో వెలిసింది. ఎక్కువమంది వాడే రెండువందల ప్యాకేజీల పేర్లు అందులో ఉండేవి. మారినవి ఆకుపచ్చ, మారనివి ఎరుపు. మొదట్లో దాని పేరు "సిగ్గు గోడ". ఆకుపచ్చలు పెరిగాక పేరు మార్చారు. పరీక్ష ఫలితాలు బడి గోడకు అంటిస్తే ఏమవుతుందో అదే జరిగింది. ఎరుపులో పేరు కనపడటం ఎవరికీ ఇష్టం లేదు.

ఆ తర్వాత లెక్కలకూ పటాలకూ అందరూ వాడే పెద్ద ప్యాకేజీలవాళ్లు, నంపై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ వంటివారు, 2020 దాటితే పాత పైథాన్‌కు మేం పనిచేయమని కలిసికట్టుగా ప్రకటించారు. ఐపైథాన్ అనే పనిముట్టు 2017 ఏప్రిల్‌లోనే మానేసింది. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో 2017 డిసెంబరులో మానేసింది. కింది పునాది కదిలాక పైవాళ్లు కదలక ఏం చేస్తారు?

ఫోటోల కంపెనీ ఇన్‌స్టాగ్రామ్ 2017లో మార్పు పూర్తిచేసింది. సుమారు పది నెలల పని. కోట్లాది మంది వాడుతుండగా, ఒక్క రోజూ మూయకుండా, నడుస్తున్న బండికే చక్రాలు మార్చారు. ఫైళ్లు దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ తన ముఖ్యమైన కార్యక్రమాన్ని మార్చడానికి 2015 నుంచి 2018 దాకా, మూడేళ్లు తీసుకుంది. పైథాన్‌ను పుట్టించిన వాన్ రోసమ్ అప్పట్లో ఉద్యోగం చేస్తున్నది ఆ కంపెనీలోనే. సృష్టికర్త పక్కన కూచున్నవాళ్లకే మూడేళ్లు పడితే మామూలు వాళ్ల సంగతి చెప్పాలా?

2020 జనవరి 1తో పైథాన్ 2 గడువు తీరింది. ఆఖరి సంచిక 2.7.18 ఆ ఏప్రిల్ 20న వచ్చింది. ఆ తర్వాత అందులో ఏ కన్నం బయటపడినా పూడ్చే బాధ్యత నిర్వాహకులకు లేదు.

తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. పాత కార్యక్రమం జనవరి 2న కూడా నడిచింది. ఇప్పటికీ నడిచేచోట నడుస్తూనే ఉంటుంది. అరిగిపోయేది అది కాదు, దాని చుట్టూ ఉన్నవి. దొంగలు కొత్త కన్నం కనిపెడతారు, పూడ్చేవాడుండడు. కొత్త కంప్యూటర్ కొంటారు, దానికి పాత పైథాన్ రాదు. డెబియన్ అనే ప్రఖ్యాత లైనక్స్ 2023 జూన్‌లో విడుదల చేసిన సంచిక నుంచి పైథాన్ 2ను తీసేసింది. పాత మోడల్ ఆయిల్ ఇంజను బంగారంలా నడుస్తూ ఉండవచ్చు. పిస్టన్ రింగులు పట్నంలో దొరకని రోజు వస్తుంది. ఆ రోజు నాట్ల అదనులో వస్తే రైతు గతేమిటి?

మట్టి మోసేది ఎవరు?

వాన్ రోసమ్‌ను పైథాన్ లోకంలో సరదాగా "దయగల జీవితకాల నియంత" అని పిలిచేవారు. 2018 జూలైలో, భాషలో ఒక చిన్న గుర్తు చేర్చాలా వద్దా అన్న వాదన ముదిరి, ఆయన విసిగి ఆ పెత్తనం వదులుకున్నారు. 2019 నుంచి అయిదుగురి పంచాయతీ ఎన్నికలతో ఏర్పడుతూ వస్తోంది. పైథాన్ పనులు చూడటానికే పూర్తికాలం జీతమిచ్చి ఒక మనిషిని సంస్థ తరఫున పెట్టుకున్నది మాత్రం 2021లో. అప్పటికి భాష వయసు ముప్పై ఏళ్లు. ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలు దాని మీద వ్యాపారం చేసుకుంటున్నాయి. ఇది ఎవరికీ వింతగా తోచకపోవడమే వింత.

ఒంటిమనిషి కాపలా ఎంత ప్రమాదమో 2024లో తెలిసింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు ఉంది. పైథాన్‌లోని ఒక భాగం కూడా దాని మీద ఆనుకునే ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ముఖ్యంగా ఒకే ఒక్క మనిషి, జీతం లేకుండా చూసుకుంటున్నాడు. "జియా టాన్" అనే పేరుతో ఒకరు సాయం చేస్తానంటూ వచ్చారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేశారు. పని ఆలస్యమవుతోంది, ఇంకొకరికి అప్పగించమని మరికొందరు ఆ పాత మనిషిని సతాయించారు. తాళంచెవులు చేతికొచ్చాక, ఆ సంవత్సరం ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన రెండు సంచికల్లో జియా టాన్ దొంగదారి పెట్టారు. దూరం నుంచి కంప్యూటర్లలోకి ప్రవేశించే తలుపుకు మారు తాళం అన్నమాట.

పట్టుకున్నది పోలీసులు కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే పని చూసుకుంటూ, తన యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకనే గదా అని వదిలేయలేదు. తవ్వుకుంటూ పోయి మార్చి 29న గుట్టు బయటపెట్టారు. అప్పటికి ఆ సంచికలు ప్రయోగ దశలో ఉన్న లైనక్స్‌లలోకే చేరాయి గనక సరిపోయింది. తూములో నీటి చప్పుడు మారితే గట్టు మీది నీరుగంటికి మెలకువ వచ్చినట్టు వచ్చింది ఆయనకు. ఆ చప్పుడు వినేవాళ్లు ఎందరున్నారన్నది ఆలోచించవలసిన సంగతి.

కనుక అప్‌గ్రేడ్ అన్నంతమాత్రాన గుడ్డిగా దిగడమూ మంచిది కాదు. ఎక్స్‌జెడ్ వ్యవహారంలో కొత్త సంచిక తెచ్చుకున్నవాళ్లే చిక్కుకున్నారు, పాతదానితో ఉన్నవాళ్లు బయటపడ్డారు. కొత్తది వచ్చిన రోజే ఎక్కించక, పక్కన ఒక యంత్రంలో పెట్టి, తమ లెక్కలన్నీ దాంతో మళ్లీ వేయించి, పాత జవాబులతో సరిచూసుకుని అప్పుడు మారుస్తారు జాగ్రత్త గల ఇంజనీర్లు. కొత్త వంగడం వచ్చిందని ఉన్న అయిదెకరాలూ దాంతోనే నింపేసే రైతు ఎవరు?

ఏటా అక్టోబరు

పన్నెండేళ్ల ఆ ప్రయాసతో నిర్వాహకులకు బుద్ధి వచ్చిందనే చెప్పాలి. అన్నీ ఒకేసారి మార్చే పద్ధతి మానేశారు. ఇప్పుడు ఏటా అక్టోబరులో ఒక కొత్త సంచిక వస్తుంది. ఒక్కోదానికి సుమారు అయిదేళ్ల కాపుదల. 2020 అక్టోబరులో వచ్చిన 3.9కు 2025 అక్టోబరుతో గడువు తీరింది. ఏదైనా తీసేయాలంటే ముందుగా రెండేళ్లపాటైనా హెచ్చరిక ఇవ్వాలన్నది నియమం.

అలాగని తలనొప్పి తగ్గలేదు. ప్యాకేజీలు కట్టే పాత సామాను ఒకదాన్ని 2023లో తీసేశారు. పెద్దగా ఎవరూ వాడని పంతొమ్మిది పాత భాగాలను 2024లో తీసేశారు. పాతదాన్ని కొత్తదానిలోకి తిరగరాసిన ఆ "టూ టు త్రీ" పనిముట్టుకు కూడా అదే ఏడు పదవీ విరమణ అయింది. ప్రతిసారీ ఏదో మూల ఒక కార్యక్రమం ఆగిపోతుంది. ఎవడో ఒక కుర్రాడు పండగ పూట వసారాలో కూచుంటాడు.

బడిపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. సి.బి.ఎస్.ఇ. పదకొండో తరగతి కంప్యూటర్ సైన్సులో పైథాన్ పాఠ్యాంశం. ఇంజనీరింగు కాలేజీల్లోనూ నేర్పుతున్నారు. పట్నంలో పాత పుస్తకాల అంగట్లో సగం ధరకు దొరికిందని తెచ్చిన పుస్తకం ఏ కాలం నాటిదో చూసుకోవాలి. లోపల "ప్రింట్" అనే మాట వెతకండి. దాని పక్కన బ్రాకెట్ లేకపోతే అది పైథాన్ 2 పుస్తకం. అందులో ఉన్నట్టు కొడితే కంప్యూటర్ బ్రాకెట్లు ఏవని అడిగి ఆగిపోతుంది. పిల్లవాడు తనకే తెలివి లేదనుకుని బెదిరిపోతాడు. తప్పు పిల్లవాడిది కాదు. భాగహారం పాఠం మరీ జాగ్రత్త. అక్కడ కంప్యూటర్ ఆగదు, పుస్తకంలో ఒక జవాబు, తెర మీద ఇంకో జవాబు ఉంటాయి. ఇప్పటి పైథాన్‌లో ఏడుకూ రెండుకూ మధ్య ఏటవాలు గీత ఒకటి పెడితే మూడున్నర వస్తుంది. పాత పద్ధతిలో మూడే కావాలంటే గీతలు రెండు పెట్టాలి.